రెక్కలుంటే సరిపోదు

ప్రియమైన పిల్లలూ,

అడవి వేడెక్కితే పక్షులు ఎగిరి ఇంకో అడవికి పోవచ్చు కదా అని అడిగారు. షోలాకిలి అనే పిట్ట సంగతి చెబుతాను, వినండి.

మనవాళ్ళు ఎండలకు తాళలేక ఊటీకీ కొడైకెనాల్‌కూ పరుగెత్తే ఏప్రిల్, మే నెలల్లోనే అది అక్కడ గూడు కడుతుంది. పిడికెడంత పిట్ట. ముదురు నీలి ఒళ్ళు, పొడవాటి సన్నని కాళ్ళు. చెట్టు తొర్రలోనో, మట్టిగట్టు గుంతలోనో నాచు, సన్నటి వేళ్ళు పేర్చి మామూలుగా రెండే గుడ్లు పెడుతుంది. రాలిన ఆకుల మధ్య పురుగులు ఏరుకుంటూ, మసక వెలుతురులో నేల మీదే గెంతుతుంది. ఏడాది పొడవునా తన జాగా వదలదు. పశ్చిమ కనుమల్లోని ఎత్తైన కొండల మీద తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు.

కేరళలోని పాలక్కాడ్ దగ్గర ఆ కనుమలు 30 కిలోమీటర్లకు అటూఇటుగా తెగిపోయి ఉంటాయి. ఆ ఎడానికి ఉత్తరాన ఒక షోలాకిలి జాతి, దక్షిణాన మరొకటి. వేడి పల్లపు నేల దాటలేక లక్షల ఏళ్ళపాటు విడివిడిగా పెరిగాయి. రెక్కలుండీ!

అది ప్రకృతి పెట్టిన ఎడం. మిగిలింది మనుషుల నిర్వాకం. ఈ పిట్ట ఉండే చల్లని కొండ అడవులను షోలాలంటారు. అవి మొదటినుంచీ పచ్చికబయళ్ళ మధ్య ముక్కలుగానే ఉండేవి. వాటి చుట్టూ తేయాకు, జామాయిల్ నాటారు, చాలాచోట్ల షోలానే నరికేశారు. దక్షిణపు జాతి జన్యువులను పరిశీలిస్తే, అడవి పోయినచోట ఇరుగుపొరుగు గుంపుల మధ్య కూడా రాకపోకలు తగ్గాయని తేలింది. ముక్క మరీ చిన్నదైతే అంచుల నుంచి ఎండ, గాలి దూరి నేల ఆరిపోతుంది. ఈ పిట్టకు తడినేలే వంటిల్లు.

ఇక వేడి. కింద వేడెక్కేకొద్దీ కొండపక్షులు పైకి జరుగుతాయి. శిఖరం దాటాక పైన ఏముంది? పెరూలోని పాంటియాకోయా కొండ మీద 1985లో చూసిన పక్షులను 2017లో మళ్ళీ వెతికారు. శిఖరం దగ్గర మాత్రమే ఉండే జాతుల్లో కొన్ని కనిపించలేదు. పక్కన ఎత్తైన కొండ ఉన్నా, దారి పొడవునా అడవి ఉంటేనే షోలాకిలి అక్కడికి చేరేది.

కొడైకెనాల్ వైపు కొందరు షోలా మొక్కలను నర్సరీల్లో పెంచి నాటుతున్నారు. అవి పెరగడం మహా నెమ్మది.

వచ్చే వేసవిలో అటు వెళ్తే తొర్రల్లో చేతులు పెట్టకండి. అడవి పక్కన కారాపి పాటలు హోరెత్తించే అలవాటు మీ నాన్నకుంది, అది మీరే మాన్పించాలి.

మీ తాతయ్య