నమ్మకాలు వేరు, అందిన దారి ఒకటే: కృష్ణా, గుంటూరు ఇళ్లలో కుటుంబ నియంత్రణ కథ

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో కాన్పుల ఆసుపత్రుల్లో రోజూ వినిపించే ప్రశ్న ఒకటుంది. రెండో సిజేరియన్‌కు సిద్ధమవుతున్న అమ్మాయిని డాక్టరమ్మ అడుగుతుంది: "ఆపరేషన్ కూడా చేసేయమంటారా?" చాలాసార్లు జవాబు ఆ అమ్మాయి నుంచి రాదు. పక్కనున్న అత్తగారో, ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ భర్తో "చేసేయండమ్మా, ఇద్దరు చాలు" అంటారు. ఎలాగూ పొట్ట కోస్తున్నారు, మళ్లీ వేరే కోత ఎందుకన్నది వాళ్ల లెక్క. పంతులుగారిచేత కాన్పుకు ముహూర్తం పెట్టించుకుని వచ్చినవాళ్లదీ అదే జవాబు, మెడలో శిలువ ఉన్న జపమాల వేసుకున్నవాళ్లదీ అదే. ముస్లిం కుటుంబాల్లో కాస్త తటపటాయింపు ఉంటుంది గానీ అక్కడా ఎక్కువమంది చివరికి సంతకం పెట్టేది ఆ కాగితం మీదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల లోపు వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా ట్యూబులు కట్ చేసే ఆపరేషన్, చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తమ్మీద ఆ లెక్క 38 శాతం దగ్గర ఉంది. మగవాళ్లకు చేసే వేసెక్టమీ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఇక్కడ ఒక్క శాతం కూడా లేరు. మాత్రలు, నిరోధ్, కాపర్ టీ అన్నీ కలిపినా లెక్కలోకి రానంత తక్కువ. పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్ అయిపోయిన ఆడవాళ్లు మన ఊళ్లలో కోకొల్లలు.

ఏ మతంవాళ్లు ఎక్కువమందిని కంటున్నారని టీవీల్లో వాదించుకునేవాళ్లు ఈ అంకెలను చూడరు. నాకు అసలు ప్రశ్న ఇంకోలా కనిపిస్తుంది. ఇక్కడి మతాలు దంపతులకు చెప్పిందేమిటి, ప్రభుత్వం వాళ్ల చేతిలో పెట్టిందేమిటి? ఈ రెండూ ఎప్పుడూ కలవలేదు. మధ్యలో నలిగింది ఆడవాళ్లు.

ముందు గుంటూరు క్రైస్తవుల సంగతి. 1842లో మిషనరీ హేయర్ దొర వచ్చిన దగ్గర్నుంచి ఇది ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన లూథరన్ల ఊరు. డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి కట్టించింది 1898లో. 1920లో ఆస్ట్రేలియా నుంచి మేరీ గ్లోరీ అనే డాక్టరు గుంటూరు వచ్చి సన్యాసినిగా మారారు. పోప్ ప్రత్యేక అనుమతితో వైద్యం కొనసాగించి, 1943లో దేశంలోని కాథలిక్ ఆసుపత్రుల కోసం ఒక సంఘం పెట్టారు. అంటే ఒకే ఊళ్లో రెండు మిషన్లవాళ్లు, ఇద్దరూ ఆడవాళ్ల ప్రాణాలు కాపాడటానికే వచ్చినవాళ్లు. కానీ పిల్లలు చాలనుకున్న దంపతులకు ఏం చెప్పాలన్న దగ్గర వాళ్ల చర్చిల దారులు విడిపోయాయి.

ఆ చీలికకు గుర్తు 1930. ఆ ఏడాది ఆగస్టులో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) బిషప్పులు లండన్‌లోని లాంబెత్ మహాసభలో, కొన్ని పరిస్థితుల్లో గర్భనిరోధక సాధనాలు వాడవచ్చని ఒప్పుకున్నారు. డిసెంబరు 31న పోప్ పదకొండో పయస్ అది పాపమేనని లేఖ రాశారు. తర్వాతి దశాబ్దాల్లో లూథరన్లతో సహా ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది లాంబెత్ దారికే వచ్చారు. 1947లో ఏర్పడిన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలకు ఆంగ్లికన్ వారసత్వం ఉంది కాబట్టి బెజవాడ సీఎస్ఐ దంపతులకు ఇది పాపపుణ్యాల సమస్య కాలేదు. గుణదల మేరీమాత కొండ ఎక్కే కాథలిక్ దంపతులకు మాత్రం అయింది.

కాథలిక్కులకూ ఒక దశలో తలుపు తెరుచుకుంటుందనిపించింది. 1963లో పోప్ ఇరవైమూడో జాన్ ఈ విషయం పరిశీలించడానికి ఒక కమిషన్ వేశారు. తర్వాత వచ్చిన ఆరో పాల్ దాన్ని పెంచారు. ఆయన 1964 డిసెంబరులో బొంబాయి వచ్చి మన జనాన్ని కళ్లారా చూశారు కూడా. 1966లో కమిషన్‌లో మెజారిటీ సభ్యులు మార్పు కావాలన్నారు. ఆరో పాల్ ఒప్పుకోలేదు. 1968 జూలైలో వచ్చిన 'హ్యుమానే వీటే' లేఖ మాత్రలు, సాధనాలు, ఆపరేషన్ అన్నిటినీ కాదంది. నెలలో గర్భం రాని రోజులు చూసుకుని కలవడానికి మాత్రం అనుమతి ఉంది. 1951లో పన్నెండో పయస్ చెప్పిన మాటే అది. సరిగ్గా ఆ 1968లోనే మన ప్రభుత్వం కిరాణా కొట్లలో నిరోధ్ అమ్మకం మొదలుపెట్టింది, మూడింటి ప్యాకెట్ పదిహేను పైసలకు.

సహజ పద్ధతిని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. మెల్‌బోర్న్‌కు చెందిన జాన్, ఎవెలిన్ బిల్లింగ్స్ అనే డాక్టర్ దంపతులు దాన్ని శ్రద్ధగా తీర్చిదిద్దారు. ఆడమనిషి తన ఒంట్లో వచ్చే మార్పులను రోజూ గమనించుకుని, ఏ రోజుల్లో గర్భం వచ్చే అవకాశం ఉందో గుర్తుపట్టడం దాని ఆధారం. ఒళ్లు తెలుసుకోవడం మంచిదే. కానీ ఆ పద్ధతి నిలబడేది భర్త ఆగితేనే. తాగివచ్చిన మొగుడికి "ఈ వారం వద్దు" అని చెప్పగలిగే చనువు లేని ఇంట్లో అది కాగితం మీద మిగిలిపోతుంది. ఫిరంగిపురం, రెంటచింతల లాంటి పాత కాథలిక్ ఊళ్ల ఆడవాళ్లు చేసింది మరొకటి. చర్చి ఆసుపత్రిలో గర్భం రాకుండా ఆపరేషన్ చేయరు. అందుకని పురుడు అక్కడ పోసుకుని, ఆపరేషన్‌కు సర్కారు ఆసుపత్రికో, ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కో వెళ్లేవాళ్లు. ఆదివారం మళ్లీ పూజకు వచ్చేవాళ్లు. ఫాదర్ దగ్గర పాపసంకీర్తనంలో చెప్పుకున్నవాళ్లు చెప్పుకున్నారు, లేనివాళ్లు లేదు.

ముస్లింల కథ దీనికి దాదాపు తలకిందులు. ఇస్లాంలో తాత్కాలిక నియంత్రణకు చోటు మొదటి నుంచీ ఉంది. "ఖురాన్ అవతరిస్తున్న రోజుల్లో మేం అజ్ల్ పాటించేవాళ్లం" అని ప్రవక్త సహచరుడు జాబిర్ చెప్పిన హదీసు ప్రసిద్ధం. అజ్ల్ అంటే వీర్యం లోపల పడకుండా జాగ్రత్తపడటం. 1111లో చనిపోయిన ఇమామ్ గజాలీ దాన్ని సమర్థిస్తూ భార్య ఆరోగ్యాన్నీ, సంసారపు ఖర్చునూ కూడా కారణాలుగా ఒప్పుకున్నారు. చాలామంది ఉలేమా (మత పండితుల) అభ్యంతరమల్లా తిరిగి మార్చలేని ఆపరేషన్ మీదే. అంటే వించిపేటలోనో ఆనందపేటలోనో ఉండే ఒక ముస్లిం జంటకు కావలసింది మాత్ర, లూప్, ఇంజెక్షన్. ఆశా కార్యకర్త, నర్సు వాళ్లకు గట్టిగా చెప్పింది మాత్రం వాళ్ల మతం వద్దన్న ఆ ఒక్కటే. ఈ సంగతి తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

హిందువులకు ఒక పోప్ లేడు, ఒక ఫత్వా లేదు. ఉన్నవి ఆశీర్వచనాలు. "దశాస్యాం పుత్రానాధేహి" అని పెళ్లి మంత్రం పదిమంది కొడుకుల్ని కోరుతుంది. పున్నామ నరకం భయం కొడుకును కోరుతుంది. నియంత్రణను ఏ శాస్త్రమూ గట్టిగా నిషేధించకపోయినా, ఆపరేషన్ ఎప్పుడన్నది కొడుకు పుట్టడాన్ని బట్టి తేలే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గాంధీగారు సాధనాలకు బద్ధ వ్యతిరేకి. 1935 డిసెంబరులో వార్ధా వచ్చిన మార్గరెట్ సాంగర్‌తో ఆత్మనిగ్రహమే మార్గమని వాదించారు. ఆయన మాట మీద జైళ్లకు వెళ్లిన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ మాటకూ బరువుంది.

దేవుడు లేడన్నవాళ్లూ ఇక్కడే ఉన్నారు. 1947లో గోరా తన నాస్తిక కేంద్రాన్ని ముదునూరు నుంచి విజయవాడ పటమటకు తెచ్చారు. గోరా, సరస్వతి దంపతులకు తొమ్మిదిమంది పిల్లలు. వాళ్లలో ఒకరైన డాక్టర్ సమరం తర్వాత పత్రికల్లో దాంపత్యం మీద, కుటుంబ నియంత్రణ మీద సిగ్గుపడకుండా తెలుగులో జవాబులు రాసి రెండు తరాలకు చదువు చెప్పారు. తొమ్మిదిమంది నుంచి ఇద్దరికి రావడం నమ్మకం ఉన్న ఇళ్లలోనూ లేని ఇళ్లలోనూ ఇంచుమించు ఒకే కాలంలో జరిగింది. చదువు, టీకాలు, పొలం పంపకాలు, ఫీజులు కలిసి చేసిన పని అది.

మరి అన్ని పద్ధతుల్లో ఆపరేషన్ ఒక్కటే ఎలా మిగిలింది? 1952లో దేశం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఆపరేషన్ ఒక్కటే దారి కాదు. కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం గోడల మీదికెక్కిన రోజుల్లో ఆపరేషన్లు ఎక్కువగా మగవాళ్లకే. ఎమర్జెన్సీ దాన్ని నాశనం చేసింది. 1976-77లో ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. చాలాచోట్ల బలవంతంగా జరిగాయి. జనం కోపానికి ప్రభుత్వమే కూలింది. కొత్త ప్రభుత్వం పేరును కుటుంబ సంక్షేమంగా మార్చింది. వేసెక్టమీ అంటే మగవాళ్లు హడలిపోయారు. ఓట్లు పోతాయని నాయకులు ఆ ఊసెత్తలేదు. ఏడాదికి ఇన్ని ఆపరేషన్లు చేయించాలన్న టార్గెట్లు మాత్రం అలాగే ఉన్నాయి, వాటి భారం ఆడవాళ్ల మీదికి మళ్లింది. లెక్కలు ముగిసే మార్చి వస్తుందంటే ఊళ్లలో తిరిగే సర్కారు నర్సులు, ఏఎన్ఎంలకు టెన్షన్. డీపీఎల్ (పొట్టకు చిన్న రంధ్రాలు చేసి చేసే ఆపరేషన్) క్యాంపుల్లో వరసగా పడుకోబెట్టి చేసేవాళ్లు. 1996లో టార్గెట్లు ఎత్తేశామని కేంద్రం ప్రకటించినా అలవాటు పోలేదు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు 13 మంది చనిపోయాక, 2016లో సుప్రీంకోర్టు క్యాంపులను మూడేళ్లలో ఆపేయమంది.

మన రాష్ట్రంలో చట్టం కూడా ఒత్తిడి పెట్టింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లను స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులను చేసింది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తీసేసింది. సంతాన రేటు 1.7కు పడిపోయిందని, ఇప్పుడు ఎక్కువమందిని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సభల్లో చెబుతున్నారు. 1997లో జనాభా తగ్గించే విధానం తెచ్చిందీ ఆయన ప్రభుత్వమే. కాలం మారితే విధానం మారొచ్చు, తప్పులేదు. కానీ ట్యూబులు కట్ అయిపోయినవాళ్ల సంగతి? రీకానలైజేషన్ అనే ఎదురు ఆపరేషన్ ఉంది. అది ఫలిస్తుందన్న గ్యారంటీ లేదు.

2017 నుంచి సర్కారు ఆసుపత్రుల్లో మూడు నెలలకోసారి వేసే 'అంతర' ఇంజెక్షన్, 'ఛాయ' మాత్ర ఉచితంగా ఇస్తున్నారు. కాపర్ టీ ముందు నుంచీ ఉంది. వేసెక్టమీ కోత లేకుండా కాసేపట్లో అయిపోతుంది, ఆ మనిషి ఆ రోజే ఇంటికి వెళ్తాడు. వీటి గురించి చెప్పాల్సింది ఏడో నెల చెకప్‌లో, భర్తను కూడా కూర్చోబెట్టి. ఇది చర్చి వద్దంటుంది, ఇది మా మౌలానా ఒప్పుకుంటాడు, ఇది మాకు కుదరదు అని ఆ జంట మాట్లాడుకోవడానికి రెండు నెలల టైమ్ దొరుకుతుంది. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఆ టైమ్ ఉండదు.