కమిటీకి చందా ఇస్తే షాపుకి ప్రచారం వచ్చినట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో ఫ్లెక్సీలు, కరపత్రాలు వేసే షాపు నాది. వినాయక చవితి ముందు, సంక్రాంతి ముందు మాకు నిద్ర ఉండదు. ఆ రోజుల్లో చిన్న షాపుల వాళ్ళు ఉత్సవాల పేరుతో పెట్టే డబ్బులో సగం దండగేనని నా అనుమానం. అందులో కొంత నా గల్లాలోకే వస్తుంది కాబట్టి ఇది రాయడమంటే నా పొట్ట నేను కొట్టుకోవడమే.

అపోహ: జనం ఎంత ఎక్కువ వస్తే ప్రచారం అంత బాగా జరుగుతుంది.

వాస్తవం: ఆ జనంలో మీ షాపు గుమ్మం ఎక్కేవాళ్ళు ఎందరన్నదే లెక్క. భీష్మ ఏకాదశికి అంతర్వేది నరసింహస్వామి రథోత్సవం చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మోటార్లు వైండింగ్ చేసే ఒకాయన ఓ ఏడాది ఆ దారి పొడవునా బోర్డులు కట్టించారు. ఆయన దగ్గరికి వచ్చేది చేపల చెరువుల్లో ఏరియేటర్ (నీళ్ళలో గాలి కలిపే మోటారు) కాలిపోయిన రైతులు, అదీ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళవాళ్ళు. ఎక్కడి నుంచో వచ్చిన భక్తుడికి ఆయనతో పనేముంది? మరుసటి ఏడాది తన ఊళ్ళో శ్రీరామనవమి పందిరికి కరెంటు పనంతా ఉచితంగా చేసిపెట్టారు. మైకు ఆగకుండా, లైట్లు ఆరకుండా రాత్రి దాకా అక్కడే కూర్చున్నారు. బోర్డుల వల్ల రాని పేరు ఆ ఒక్క రాత్రితో వచ్చింది.

అదను కూడా చూసుకోవాలి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. ఆ ఎండల్లో బస్సు దిగినవాడికి మీరు పోసే గ్లాసు మజ్జిగ, సంక్రాంతి హడావిడిలో పంచే క్యాలెండర్ కన్నా ఎక్కువ గుర్తుంటుంది.

అపోహ: చందా రాస్తే స్పాన్సర్ అయినట్టే.

వాస్తవం: కాదండీ. చందా అన్నది భక్తితోనో మొహమాటంతోనో ఇచ్చేది, ఇచ్చాక మర్చిపోవాలి. స్పాన్సర్‌షిప్ బేరం. బేరమాడకపోతే తప్పు మనదే. ఒక ఊళ్ళో కబడ్డీ పోటీలకి ఫ్లెక్సీలన్నీ ఊరికే వేసిచ్చాను. తీరా వెళ్ళి చూస్తే నా షాపు పేరున్న ఫ్లెక్సీని జనరేటర్ వెనకాల కట్టారు. నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఇప్పుడైతే ఎక్కడ కడతారు, మైకులో ఎన్నిసార్లు పేరు చదువుతారు, బహుమతి ఎవరి చేతుల మీదుగా ఇప్పిస్తారు అన్నీ ముందే వాట్సాప్‌లో రాయించుకుంటున్నాను. కుర్రాళ్ళు ఏమీ అనుకోరు, పెద్దవాళ్ళే కాస్త మొహం చిట్లిస్తారు.

ఆడిటర్ దగ్గర కూడా ఈ రెండూ ఒకటి కావు. షాపు ప్రచారానికి పెట్టింది బిల్లుంటే వ్యాపార ఖర్చులో రాసుకోవచ్చు. అయితే ఒకే రోజు ఒకరికి 10,000 రూపాయలు దాటి నగదు ఇస్తే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును మామూలుగా ఒప్పుకోరు. ఫోన్‌లోనో బ్యాంకులోనో వేయండి.

అపోహ: ఫ్లెక్సీ ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: మా వైపు ఫ్లెక్సీ అంటే ఇరవై మొహాలు, మధ్యలో ఓనరు గారు నమస్కారం పెడుతూ. బండి మీద వెళ్ళేవాడు రెండు సెకన్లు చూస్తాడు. షాపు పేరు, ఏం అమ్ముతారు, ఎక్కడుంది, అంతకుమించి వాడి కంటికి ఆనదు. (పండగయ్యాక అదే ఫ్లెక్సీ పశువుల పాక మీద ఏడాదంతా ఉంటుంది. ఆ ప్రచారానికి మాత్రం నేను విడిగా డబ్బులు తీసుకోవడం లేదు.)

కనుమ నాడు మా కోనసీమలోని జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు (దేవుణ్ణి పెట్టి ఊళ్ళ నుంచి మోసుకొచ్చే ఎత్తైన అలంకరణలు) చేరతాయి. భుజాల మీద ప్రభ కౌశిక నది నీళ్ళలోకి దిగుతుంటే ఫ్లెక్సీ ఎవడు చదువుతాడు? అందరూ వీడియోలే. మధ్యాహ్నానికి ఫోన్లలో ఛార్జింగ్ ఉండదు. ఇది కనిపెట్టిన ఒక సెల్ షాపు కుర్రాడు ఓ బల్ల వేసి, ఉచితంగా ఛార్జింగ్ పెడుతూ టోకెన్లు ఇచ్చాడు. టోకెన్ వెనక షాపు పేరు. ఫోన్ చేతికి వచ్చేదాకా ఆ కాగితం ఎవరూ పారెయ్యరు కదా! ఆ టోకెన్లు వేసింది నేనే. పెద్ద ఫ్లెక్సీకయ్యే డబ్బులో చాలా మిగిలిపోయింది వాడికి.

అపోహ: వీటి ఫలితం లెక్కకి అందదు.

వాస్తవం: ఒక్కో ఉత్సవానికి ఒక్కో రంగు కూపన్ వేయించండి. నెల తర్వాత గల్లాపెట్టెలో ఏ రంగు ఎన్ని వచ్చాయో చూస్తే చాలు.

ఇప్పుడు 2027 పుష్కరాలకి రాజమండ్రిలో హోర్డింగ్ దొరుకుతుందా అని గోదావరి గట్టు పక్క ఊరి కిరాణా షాపాయన అడుగుతున్నారు. మీ ఊరి రేవుకి ఎవరొస్తారో ముందు చెప్పండి అన్నాను. 2015లో బయటూళ్ళ నుంచి ఆడపడుచులు, బంధువులు అందరూ అక్కడే స్నానాలు చేశారట, బట్టలు మార్చుకోవడానికి చాటు లేక అవస్థ పడ్డారట. రేవు దగ్గర నాలుగు వెదురు కర్రలు పాతి తడికలు కట్టించి, పైన షాపు పేరు రాయించండి అని చెప్పాను. ఆలోచించుకుని వస్తానన్నారు.