కిళ్లీలో ఎరుపు ఎక్కడిది?

విశాఖ జగదాంబ జంక్షన్‌లో కిళ్లీ కట్టించుకునేటప్పుడు ఒకసారి ఆకులోకి చూడండి. తమలపాకు పచ్చన, సున్నం తెల్లన, వక్క గోధుమ రంగు. కాచు వద్దని చెప్పినా సరే, కాసేపు నమిలితే నోరు ఎర్రగా పండుతుంది. మూడింటిలో దేనికీ లేని ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?

మన ప్రాచీన భౌతికవాదులైన చార్వాకులు సరిగ్గా దీన్నే ఉపమానంగా చెప్పేవారని పాత సంస్కృత గ్రంథాల్లో ఉంది. తాంబూలంలో ఎరుపు పుట్టినట్టే, మట్టి, నీరు, నిప్పు, గాలి ఒక తీరుగా కూడి శరీరమైతే అందులో చైతన్యం పుడుతుందని, వేరే ఆత్మ అక్కర్లేదని వాళ్ల వాదం. ఇలా విడిభాగాల్లో లేకుండా, అవి కూడినప్పుడే కనిపించేదాన్ని ఆవిర్భావ గుణం అంటాం. ఎమర్జెంట్ అనే మాటను ఈ అర్థంలో 1875లో ఆంగ్ల తత్త్వవేత్త జార్జ్ హెన్రీ లూయిస్ వాడాడు.

నీళ్లూ అంతే. 18 గ్రాముల నీటిలో, 6 పక్కన 23 సున్నాలు పెడితే ఎన్నో, సుమారు అన్ని అణువులుంటాయి. ఒక్క అణువును పట్టుకుంటే అందులో తడి లేదు, గడ్డకట్టడం లేదు, ఆర్కే బీచ్‌లో మన కాళ్లను తాకే అల లేదు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మాత్రం ఫిషింగ్ హార్బర్‌లో గంపలకెత్తే కానాగంత చేపలు. వాటి శాస్త్రీయ నామంలోని ‘కానగుర్త’ మన తీరపు మాటే. విశాఖలో సేకరించిన 200 చేపల గురించి ప్యాట్రిక్ రస్సెల్ వేసిన పుస్తకం 1803లో అచ్చయింది, ఆ పేరు అందులోంచే శాస్త్రానికెక్కింది. ఇవి గుంపులుగా తిరుగుతాయి. పెద్ద చేప మీదికొస్తే గుంపంతా ఒకే ఒంటిలా వంగి, చీలి, మళ్లీ కలుస్తుంది. నడిపించే పెద్ద ఎవరూ లేరు. పక్కదాన్ని గుద్దుకోకు, పక్కవాటితో పాటు తిరుగు, మరీ దూరం పోకు: 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ కంప్యూటర్ బొమ్మలకు ఈ మూడే నేర్పితే, తెర మీద అచ్చం అలాంటి గుంపే కదిలింది.

చిన్న కణాల నియమాలన్నీ తెలిసినంత మాత్రాన, వాటితో ప్రపంచాన్ని తిరిగి కట్టగలమనుకోవద్దని 1972లో భౌతిక శాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ వాదించాడు. ఆ మాట నిజమే. అయితే ‘ఇది ఆవిర్భావ గుణం’ అనేసి ఊరుకోవడం నాకు నచ్చదు. అది ప్రశ్నకు పెట్టిన పేరు, జవాబు వేరే వెతకాలి. కిళ్లీ విషయంలో జవాబు దొరికింది: సున్నం క్షారం, ఆ క్షారంలో వక్కలోని పాలీఫినాల్స్ అనే రసాయనాలు మార్పు చెంది ఎర్రబడతాయి.

పీటముడి మనసు దగ్గరే. శవంలోనూ అవే మట్టి, నీరు, నిప్పు, గాలి ఉన్నాయి కదా, చైతన్యం ఏదీ అని చార్వాకులను ప్రత్యర్థులు అప్పుడే నిలదీశారు. దానికి ఇవాళ కొంత జవాబు చెప్పగలం. భాగాలున్నాయి, వాటి మధ్య నడిచే పని ఆగింది. మెదడులోని సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఒకదానికొకటి కబురు పంపడం మానేశాయి. 1995లో తత్త్వవేత్త డేవిడ్ చామర్స్ ముందుకు తెచ్చిన ‘కఠిన సమస్య’ ఇంతకన్నా లోతైనది. పండిన నాలుకను అద్దంలో చూసుకున్నప్పుడు కన్ను, నరం, మెదడు ఏం చేస్తాయో చెప్పుకోవచ్చు. ఆ పని జరుగుతున్నప్పుడు ఎరుపు మనకు ఎరుపుగా అనిపించడం దేనికి? ఈ ఎరుపులో సున్నం ఏదో, వక్క ఏదో ఇంకా దొరకలేదు.