మందుల కంపెనీల్లో డేటా తగువు: మలుపు 2005లోనే

మందుల తయారీలో పాటించాల్సిన ప్రమాణాలను చెప్పే నిబంధనలు, అంటే సవరించిన షెడ్యూల్ ఎం, అమలుకు చిన్న మందుల కంపెనీలకు ఇచ్చిన అదనపు గడువు 2025 డిసెంబరు 31తో తీరింది. దాంతో ల్యాబ్ కంప్యూటర్లోని పరీక్షల రికార్డులు తారుమారైతే తప్పెవరిదన్న తగువు మళ్లీ రాజుకుంది. జీడిమెట్ల, పాశమైలారం నుంచి పరవాడ దాకా ల్యాబుల్లో పనిచేసే మనవాళ్లందరి మెడకూ ఇది చుట్టుకునేదే.

మన దేశపు మందుల కంపెనీ రాన్‌బాక్సీ 2013లో అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టిన సంగతి తెలిసిందే. అసలు మలుపు అంతకు ఎనిమిదేళ్ల ముందే, న్యూజెర్సీలోని ఏబుల్ ల్యాబొరేటరీస్‌లో వచ్చింది. కాగితాల మీద పాసైన పరీక్షలు ల్యాబ్ కంప్యూటర్లో ఫెయిలై ఉన్నాయి. కంపెనీ 2005లో తన మందులన్నీ వెనక్కి పిలిపించుకుని, ఆ ఏడాదే దివాలా తీసింది. అమెరికాలో ఎలక్ట్రానిక్ రికార్డుల నిబంధన 1997 నుంచీ ఉన్నదే. అయినా తనిఖీకి వచ్చినవాళ్లు ఫైళ్లు మూసి కంప్యూటర్ ముందు కూర్చోవడం ఎక్కువైంది ఏబుల్ తర్వాతే.

అక్కడ వాళ్లు చూసేదేమిటి? మందులో ఏమేం ఎంతెంత ఉన్నాయో విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ మెషిన్లో శాంపిల్ ఇంజెక్ట్ చేస్తే తెర మీద గీత పాకుతూ పోయి, మందు బయటికొచ్చిన చోట పైకి లేస్తుంది. అదే పీక్. పక్కనే చిన్న పీక్ లేస్తే ఇంప్యూరిటీ, అంటే మందులో ఉన్న మలినం. దాని మొదలూ చివరా గుర్తుపెట్టే గీతను కాస్త జరిపితే చాలు, 0.17 శాతం 0.14 అయిపోతుంది. పరిమితి 0.15 అనుకుంటే బ్యాచ్ గట్టెక్కినట్టే. జరిపిందెవరో, ఎన్ని గంటలకో ఆడిట్ ట్రైల్, అంటే ప్రతి మార్పునూ కంప్యూటర్ తనంతట తానే రాసుకునే చిట్టా, చెబుతుంది. దాన్ని ఆపేసినా, నలుగురూ ఒకే పాస్‌వర్డ్ వాడినా ఆ జాడ దొరకదు. భారత ప్లాంట్లకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పంపిన హెచ్చరిక లేఖల్లో ఇవే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

యాజమాన్యాలు ఖర్చు మోయలేమంటాయి. తప్పు దొరికితే ఉద్యోగి పొరపాటు, శిక్షణ ఇస్తామంటాయి.

కెమిస్టులు చెప్పేది వేరు. రాత్రి షిఫ్టులో ఒక్కడే మూడు మెషిన్లు చూసుకోవాలి. తెల్లారేసరికి బ్యాచ్ వదలాలని ఫోన్ల మీద ఫోన్లు. ఫెయిలని రాస్తే ఓఓఎస్ (ఫలితం పరిమితి దాటిందన్న కేసు) తెరవాలి, విచారణ రోజుల తరబడి సాగుతుంది, అందులో మొదటి ప్రశ్న 'నువ్వేం తప్పు చేశావ్' అనే. ఒక్క లాగిన్ ఇచ్చి నలుగురిని కూర్చోబెడితే పాస్‌వర్డ్ పంచుకోక ఏం చేస్తారు? ఫలానా బ్యాచ్ ఫెయిలని చెప్పినవాడికి ఇంక్రిమెంట్ దగ్గర ఏమవుతుందో ల్యాబులో అందరికీ తెలుసు.

2018 డిసెంబరులో ఎఫ్‌డీఏ ఖరారు చేసిన మార్గదర్శకాలు కూడా వేలు పైకే చూపించాయి. లోపం కంటపడితే ఉద్యోగి వెంటనే చెప్పగలిగే వాతావరణం కల్పించాల్సింది యాజమాన్యమేనని రాశాయి. షెడ్యూల్ ఎం గడువు మీద సాగిన వాదనల్లో మాత్రం సాఫ్ట్‌వేర్, మెషిన్ల ఖర్చే వినిపించింది. రాత్రి షిఫ్టుకు రెండో కెమిస్టును వేయమని ఎవరూ గట్టిగా అడగలేదు.