డోనట్ చేసి నేర్చుకున్నవాళ్ళకి ప్రాంప్ట్ అంటే ఎందుకంత మంట

మళ్ళీ అదే రచ్చ మొదలైంది. ఎవరో నలభై సెకన్ల సీజీ వీడియో (కంప్యూటర్‌లో చేత్తో మోడల్ చేసి కదిలించిన గ్రాఫిక్స్) పెడతారు, కింద మొదటి కామెంటే "ఏఐ కదా ఇది" అని. చేసినవాడు పాపం వైర్‌ఫ్రేమ్ (రంగులు వేయకముందు గీతలతో కనిపించే 3డీ బొమ్మ) స్క్రీన్‌షాట్లు పెట్టి నేనే చేశాను మొర్రో అని నిరూపించుకోవాలి. ఈలోపు ఇంకొకడొచ్చి "రెండూ కంప్యూటర్ చేసినవే కదా, ఇన్నాళ్ళు మీ దగ్గరే ఉన్న విద్య ఇప్పుడు అందరి చేతికీ వచ్చిందని కుళ్ళు" అంటాడు. మొత్తం గొడవ ఈ "అందరి చేతికీ" అన్న మాట దగ్గరే ఉంది.

1993లో జురాసిక్ పార్క్ డైనోసార్లు, 1995లో మొదటి ఫుల్ లెంగ్త్ సీజీ సినిమా టాయ్ స్టోరీ, అదంతా అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. నా లెక్కలో మలుపు 2002.

అప్పట్లో ప్రొఫెషనల్ 3డీ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అంటే వేల డాలర్లు, ఇంట్లో కూర్చుని నేర్చుకోవాలంటే చాలామందికి క్రాక్ కాపీనే గతి (ఈ ముక్క ఎవరూ పైకి చెప్పరనుకోండి). నెదర్లాండ్స్‌లో టోన్ రోజెండాల్ అనే ఆయన, తన స్టూడియో పనికోసం తయారుచేసుకున్న బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌ని బయటికి తేవడానికి 1998లో నాట్ ఎ నంబర్ అని కంపెనీ పెట్టాడు, ఇన్వెస్టర్లు వచ్చారు గానీ లాభాలు రాలేదు, 2002 మొదట్లో దుకాణం కట్టేశారు. మామూలుగా అయితే ఆ సాఫ్ట్‌వేర్ కథ అక్కడితో సరి. ఈయన మాత్రం ఇన్వెస్టర్లతో బేరానికి కూర్చున్నాడు, లక్ష యూరోలిస్తే సోర్స్ కోడ్ వదిలేస్తారా అని. సరే అన్నారు. జూలై 18న చందాలు మొదలుపెడితే ఏడు వారాల్లో డబ్బొచ్చేసింది, ఆన్‌లైన్‌లో చందాలు పోగేసే కిక్‌స్టార్టర్ సైట్ పుట్టడానికి ఇంకా ఏడేళ్ళున్న రోజుల్లో! అక్టోబర్ 13న ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్స్ కింద కోడ్ బయటికొచ్చింది. చందా ఇచ్చినవాడికీ ఇవ్వనివాడికీ ఒకటే సరుకు.

అంటే తలుపు తెరిచి ఇరవై ఏళ్ళు దాటింది. పైగా హక్కులున్నవాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పిన రేటు కట్టి మరీ తెరిచారు.

తెరిచినంత మాత్రాన సుఖం లేదు, అదీ నిజమే. 2019లో 2.80 వెర్షన్ వచ్చేదాకా బ్లెండర్‌లో దేన్నైనా సెలెక్ట్ చేయాలంటే రైట్ క్లిక్, కొత్తగా వచ్చినవాడు సగం రోజు అక్కడే తల బాదుకునేవాడు. ఆ వెర్షన్‌తోనే ఈవీ అనే రియల్‌టైమ్ రెండరర్ (3డీ సీన్‌ని అప్పటికప్పుడే పూర్తి బొమ్మగా మార్చేది) కూడా వచ్చింది, అప్పటిదాకా రాత్రంతా రెండర్ పెట్టి పడుకున్నవాళ్ళకి అది పండగే. యూట్యూబ్‌లో కొత్తవాళ్ళకి బ్లెండర్‌లో 3డీ డోనట్ చేయడం నేర్పే ట్యుటోరియల్ చూసి మొదలుపెట్టినవాళ్ళకి లెక్కే లేదు. 2022 జనవరిలో కేన్ పార్సన్స్ అనే పదహారేళ్ళ కుర్రాడు బ్లెండర్ వాడి చేసిన బ్యాక్‌రూమ్స్ అనే హారర్ షార్ట్ యూట్యూబ్‌ని ఊపేసింది. 2025లో ఆస్కార్ కొట్టిన లాట్వియా యానిమేషన్ సినిమా ఫ్లో కూడా బ్లెండర్‌లో చేసిందే, రెండరింగ్ ఈవీలోనే.

ఇక ఏఐ వైపు. 2024 ఫిబ్రవరిలో ఓపెన్‌ఏఐ కంపెనీ సోరా (ఒక లైను ప్రాంప్ట్ టైప్ చేస్తే వీడియో చేసిచ్చే ఏఐ) డెమోలు చూపించింది, 2025 సెప్టెంబర్‌లో షార్ట్ వీడియో ఫీడ్‌తో యాప్ కూడా వదిలింది. ఏఐ పక్షం వాళ్ళ వాదన ఏంటంటే టూల్ ఫ్రీ అయితే సరిపోదు, నేర్చుకోవడానికి ఏళ్ళ టైమ్ అందరికీ ఎక్కడుంటుంది అని. పాయింటే. కానీ ఈ మోడల్స్ నేర్చుకున్నది ఎవరి పని చూసి, వాళ్ళని అడిగారా అంటే మాత్రం నీళ్ళు నములుతారు. డిస్నీ, యూనివర్సల్ కలిసి 2025 జూన్‌లో మిడ్‌జర్నీ అనే ఏఐ బొమ్మల కంపెనీ మీద వేసిన కేసు సరిగ్గా దీని గురించే. డిస్నీకి లాయర్లున్నారు, రిగ్గింగ్ (3డీ బొమ్మ కదలడానికి లోపల ఎముకల్లాంటివి పెట్టడం) నేర్చుకుని రీల్స్ పెట్టుకునేవాడికి ఎవరున్నారు?

యూట్యూబ్ 2024 మార్చిలో తెచ్చిన లేబుల్ ఏమైనా తేలుస్తుందా అంటే అదీ లేదు. నిజంలా కనిపించే వీడియో అయితే మార్చిందో కృత్రిమంగా చేసిందో చెప్పాలంటారు, ఆ లేబుల్‌లో డిజిటల్‌గా పుట్టించింది అని ఉంటుందే తప్ప ఎలా పుట్టించారో ఉండదు, మూడు నెలలు టెక్స్చర్లు గీసి లైటింగ్ కుదిర్చినవాడికీ ఒక లైను టైప్ చేసినవాడికీ అదే చీటీ. అందుకే మనవాడు మళ్ళీ వైర్‌ఫ్రేమ్ స్క్రీన్‌షాట్లు తీసుకుంటున్నాడు.