బీపీ: విశాఖలో తరచూ వినిపించే అపోహలు - వాస్తవాలు

అపోహ: తల తిరగట్లేదు, నొప్పి లేదు, కాబట్టి బీపీ లేదు.

చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవాళ్లలో బీపీ ఎక్కువున్నవాళ్లు, మాత్ర వాడుతున్నవాళ్లు కలిపి దేశంలో మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా ఎక్కువ: 29, 25.

అపోహ: ఒక్కసారి 150 వచ్చిందంటే బీపీ వచ్చేసినట్టే.

మెట్లెక్కి వచ్చి, మూత్రం ఆపుకుని, కబుర్లు చెబుతూ చూపించుకుంటే ఎవరికైనా పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కూడా కనిపిస్తుంది. కాఫీ, సిగరెట్ తర్వాత అరగంట ఆగాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, 5 నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద చుట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ఇలా ఇంట్లో వారం రోజులు పొద్దున, సాయంత్రం రాసి, మొదటి రోజువి వదిలేసి సగటు తీయండి. 135/85 గానీ దాటితే డాక్టర్‌కి చూపించాలి. ఆసుపత్రి కొలతకైతే గీత 140/90.

అపోహ: ఉక్కపోతకి ఒంట్లో ఉప్పంతా పోతుంది, మజ్జిగలో ఇంకో చిటికెడు వేసుకోవాలి.

విశాఖ ఎండలో రోజంతా బరువు పని చేసేవాళ్ల సంగతి వేరు. ఫ్యాను కింద కూర్చునేవాళ్లకి దాహానికి నీళ్లు చాలు. పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాములు, అంటే చెంచాడు లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఒక లెక్క చూడండి: నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో కిలో ప్యాకెట్ నెలకే అయిపోతోందంటే, మనిషికి రోజుకి 8 గ్రాములు దాటినట్టే. అందులో కొన్న ఆవకాయ, అప్పడం, ఉప్పుచేప, మిక్చర్ లెక్క కలవలేదు! ఉప్పుచేపని నీళ్లు మార్చి మార్చి నానబెడితే కొంత ఉప్పు దిగుతుంది గానీ, రోజూ తినే కూర కాదది. సైంధవ లవణమూ దాదాపు అంతా సోడియం క్లోరైడే. సోడియం తగ్గించిన ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా అది వాడొద్దు.

అపోహ: కుర్రాళ్లకి రాదు.

వస్తుంది. అమ్మానాన్నలకి ఉండటం, పొట్ట, మందు తాగడం, షుగరు, నిద్ర చాలని షిఫ్టులు, గట్టి గురక: వీటిలో రెండు మూడున్నా ముప్పైల్లోనే చూపించుకోవాలి. మరీ చిన్న వయసులో బాగా ఎక్కువుంటే కిడ్నీ పరీక్షలు కూడా చేయించాలి.

అపోహ: మాత్రలతో కిడ్నీలు పోతాయి, నార్మల్ వచ్చాక ఆపేయొచ్చు.

కిడ్నీలని పాడుచేసేది అదుపులో లేని బీపీ. నార్మల్ వచ్చింది మాత్ర వల్లే. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో కొందరికి చీలమండలు వాస్తాయి. అది చాలామటుకు కిడ్నీ దెబ్బతిన్న వాపు కాదు. మానేయకుండా డాక్టర్‌కి చెబితే మోతాదో మాత్రో మారుస్తారు. అటెనలాల్ లాంటి బీపీ మాత్రలు ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ రోజూ వేసుకుంటే బీపీ పెరుగుతుంది. కిడ్నీలకి నిజంగా భయపడాల్సింది దానికి.

అపోహ: ఎక్కువొస్తే నాలుక కింద మాత్ర పెట్టాలి.

వద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకి, గుండెకి రక్తం చాలదు. 180/120 దాటి ఇంకే బాధా లేకపోతే 5 నిమిషాలు కూర్చుని మళ్లీ చూసి, అంతే ఉంటే అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, ఒక చెయ్యి పట్టు తప్పడం ఉంటే మిషన్ పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి.