హైడ్రేంజియా పూయడం లేదా? ముందు కత్తెర పక్కన పెట్టండి

అట్లాంటాలో ఒక నర్సరీలో పనిచేస్తున్నాను. మే నెల వచ్చిందంటే మన తెలుగువాళ్లు ఫోన్‌లో తమ హైడ్రేంజియా పూలమొక్క ఫొటోలు పట్టుకుని వస్తారు. "ఆకులు ఏపుగా ఉన్నాయండీ, మూడేళ్లయింది, ఒక్క పువ్వూ లేదు." చలికాలానికి ముందు కొమ్మలు కొట్టేశారా అని అడుగుతాను. చాలాసార్లు జవాబు "అవునండీ, మోకాలెత్తుకు" అనే.

అపోహ: చలికాలంలో కొట్టేస్తే గుబురుగా వచ్చి బాగా పూస్తుంది.

గులాబీకి పనికొచ్చే పద్ధతి దీనికి పనికిరాదు. నీలం, గులాబీ రంగుల్లో బంతుల్లా పూసే మాక్రోఫిల్లా రకం ఎక్కువగా నిరుడు పెరిగిన కొమ్మ మీదే పూస్తుంది. వచ్చే ఏటి మొగ్గలు ఈ ఏడు వేసవి చివర్లోనే కొమ్మ కొసన మొదలవుతాయి. అక్టోబరులో ఆ కొస తెంపితే పువ్వును తెంపినట్టే. కత్తిరించాలనుకుంటే పూలు వాడిన వెంటనే, జులై దాటకుండా చేయండి. పానిక్యులాటా, అన్నాబెల్ అనే రకాలు మాత్రం కొత్త చిగురు మీద పూస్తాయి కాబట్టి వాటిని ఫిబ్రవరి చివర కత్తిరించొచ్చు. 2004లో మార్కెట్లోకి వచ్చిన ఎండ్‌లెస్ సమ్మర్ అనే రకం పాత కొమ్మ మీదా, కొత్త చిగురు మీదా పూస్తుంది. మీది ఏ రకమో తెలియకపోతే ఒక ఏడాది అసలు కత్తెర పెట్టకండి, ఎలా పూస్తుందో చూడండి.

ఏప్రిల్‌లో కొమ్మలు ఎండుపుల్లల్లా కనిపిస్తే టెన్షన్ పడి విరిచేయకండి. గోటితో బెరడు కొద్దిగా గీకండి. లోపల పచ్చగా ఉంటే కొమ్మ బతికే ఉంది. చిగురు వచ్చాక మంచు పడుతుందంటే రాత్రికి పాత దుప్పటి కప్పండి.

అపోహ: పాదులో తుప్పు మేకులు వేస్తే పూలు నీలంగా మారతాయి.

నీలానికి కావాల్సింది ఇనుము కాదు, అల్యూమినియం. అది మొక్కకు అందాలంటే నేల ఆమ్లంగా, పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 లోపు ఉండాలి. 6.5 దాటితే గులాబీ రంగే. ఇక్కడి ఎర్రమట్టి సహజంగానే ఆమ్లం, అందుకే నీలం ఎక్కువ. ఒకరింట్లో ఒకే మొక్కకు వాకిలి వైపు నీలం, గోడ వైపు గులాబీ పూలు చూశాను. పునాది కాంక్రీటు నుంచి సున్నం మట్టిలోకి దిగి ఆమ్లాన్ని తగ్గిస్తుంది మరి. అల్యూమినియం సల్ఫేట్ వేస్తే ప్యాకెట్ మీద రాసిన కొలత దాటకండి, వేళ్లు మాడతాయి. ఎముకల పొడి మానేయండి, అందులోని భాస్వరం అల్యూమినియాన్ని మొక్కకు అందనివ్వదు. తెల్లపూల రకాలకు ఇవేవీ పనిచేయవు.

అపోహ: ఆకులు వాలిపోతే వెంటనే నీళ్లు పోయాలి.

మధ్యాహ్నం ఎండకు ఆ వెడల్పాటి ఆకులు వాలడం మామూలే. సాయంత్రానికి లేస్తే నీళ్లు అక్కర్లేదు. పొద్దున కూడా వాలే ఉంటే రెండంగుళాల లోతుకు వేలు పెట్టి చూడండి, పొడిగా ఉంటేనే పోయండి. ఇక్కడి బంకమట్టిలో రోజూ పోస్తే వేళ్లు కుళ్లుతాయి. ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ పడే చోటు, పాదు చుట్టూ మూడంగుళాల పైన్ ఆకులు ఉంటే సగం బాధ తీరుతుంది.

హైదరాబాద్‌లో అమ్మానాన్నలకు కొనివ్వొచ్చా అని కొందరు అడుగుతారు. ఊటీ, కొడైకెనాల్ చల్లదనంలో విరగబూసే మొక్క ఇది. మన ఊళ్ల ఏప్రిల్, మే ఎండల్లో బతికించడమే కష్టం. వాళ్లకు మందారం కొనివ్వండి.